ధర తగ్గింది, ఖర్చు తగ్గలేదు

సెకండ్‌హ్యాండ్ ఇటాలియన్ మోటార్‌సైకిల్ సగం ధరకే వస్తోందని సంబరపడేవారు ముందుగా చూడాల్సింది ఓడోమీటర్‌ను కాదు, సర్వీసు కాగితాలను

ప్రకటనలో సాధారణంగా మూడే ముక్కలుంటాయి. ఒకే యజమాని. తిరిగింది 8,000 కిలోమీటర్లు. వానలో తడవలేదు. పక్కన నిగనిగలాడే ఎర్రటి డుకాటి ఫొటో. ఏడేళ్ల క్రితం షోరూములో పది లక్షల రూపాయల పైన పలికిన బండి ఇప్పుడు అందులో సగానికే వస్తుందంటే ముప్పై ఏళ్ల సాఫ్ట్‌వేర్ ఉద్యోగి నెలవారీ వాయిదాల లెక్క వెయ్యకుండా ఉండలేడు. హైదరాబాద్ నుంచి అనంతగిరి కొండలకో, బెంగళూరు నుంచి నంది కొండకో ఆదివారం తెల్లవారుజామున బారులు తీరే పెద్ద బళ్లలో ఇలా చేతులు మారినవి తక్కువేమీ కాదు.

తమాషా ఏమిటంటే, ఆ మూడు ముక్కల్లో కొనేవారిని అన్నిటికంటే ఎక్కువగా ఆకట్టుకునేదే అన్నిటికంటే తక్కువ పనికొచ్చేది. తక్కువ తిరగటం మామూలు కారుకు మంచి లక్షణమే కావచ్చు. ఏడేళ్లలో 8,000 కిలోమీటర్లంటే ఏడాదికి వెయ్యి పైచిలుకు. అంటే ఆ బండి నెలల తరబడి గుడ్డ కప్పుకుని సెల్లార్‌లో నిలబడి ఉందన్నమాట. బ్యాటరీ, బ్రేక్ ద్రవం, రబ్బరు సీళ్లు, టైర్లు, ట్యాంకులో మిగిలిన పెట్రోలు ఇవన్నీ తిరిగినా తిరగకపోయినా వయసుతో పాడవుతాయి. వీటికి తోడు డుకాటి రెండు సిలిండర్ల ఇంజన్లలో చాలావాటికి మరో గండం ఉంది. అదే టైమింగ్ బెల్టు.

1979లో వచ్చిన పాంటా మోడల్ నుంచి డుకాటి తన ఇంజన్లలో కామ్‌షాఫ్టులను తిప్పటానికి రబ్బరు బెల్టులు వాడుతూ వచ్చింది. పాత మోడళ్లలో వీటిని రెండేళ్లకోసారి, తర్వాతి వాటిలో ఐదేళ్లకోసారి మార్చాలని కంపెనీ నియమం. కిలోమీటర్లు పూర్తి కాకపోయినా గడువు వస్తే మార్చాల్సిందే. బెల్టు ధర పెద్దదేమీ కాదు. అది తెగితే మాత్రం వాల్వులు పిస్టన్లను గుద్దుకుంటాయి. ఆ తర్వాత వచ్చే బిల్లు బండి కొన్న ధరతో పోటీ పడుతుంది. ఏడేళ్లు సెల్లార్‌లో ఉన్న 'కొత్త' బండికి బెల్టులు మార్చారా అని అడిగితే 'అసలు తిరిగితే కదా సార్' అనే జవాబు వస్తే అప్పుడే జాగ్రత్త పడాలి. కంపెనీ 2012లో తెచ్చిన పానిగాలే 1199, 2018లో తెచ్చిన పానిగాలే వీ4 వంటి వాటిలో బెల్టులు లేవు. అందుకని డుకాటి అనగానే అన్నీ ఒకటే అనుకోవటమూ పొరపాటే.

స్ప్రింగు లేని ఇంజను

డుకాటి పేరు చెప్పగానే మెకానిక్కులు ఎత్తే మరో మాట 'డెస్మో'. మామూలు ఇంజనులో వాల్వును కామ్ తెరుస్తుంది, స్ప్రింగు మూస్తుంది. 1950ల్లో ఫాబియో తాలియోని అనే ఇంజనీరు రేసు బండి కోసం తెచ్చిన పద్ధతిలో వాల్వును తెరవటానికి ఒక మీట, మూయటానికి మరో మీట ఉంటాయి. అప్పటి స్ప్రింగులు అధిక వేగంలో తట్టుకోలేకపోయేవి కాబట్టి ఆ ఏర్పాటు. 1968 నుంచి ఈ పద్ధతి మార్కెట్లో అమ్మే బళ్లలోకి వచ్చింది. లోహశాస్త్రం ముందుకెళ్లి స్ప్రింగులు బాగుపడ్డాక కూడా కంపెనీ దాన్ని వదల్లేదు. అది డుకాటికి ఇంటిపేరులా స్థిరపడిపోయింది.

ఆ ఇంటిపేరుకు అయ్యే ఖర్చు యజమానిదే. ప్రతి వాల్వుకూ తెరిచే వైపు ఒక సందు, మూసే వైపు ఒక సందు. రెండింటినీ కొలవాలి. సిలిండరుకు నాలుగు వాల్వులున్న రెండు సిలిండర్ల ఇంజనులో ఇలా 16 కొలతలు తియ్యాలి. పానిగాలే వీ4లో అయితే 32. తేడా ఉన్నచోట పల్చటి లోహపు షిమ్‌లు మార్చాలి. ఇంత చెయ్యాలంటే ముందు ట్యాంకు, ఫెయిరింగు, రేడియేటరు వంటివి విప్పాలి. ఖరీదంతా విడిభాగాలది కాదు, మెకానిక్ గంటలది. అమెరికాలో ఈ ఒక్క సర్వీసుకే బిల్లు వెయ్యి డాలర్లు దాటటం మామూలు విషయం.

ఎన్ని కిలోమీటర్లకు ఇది చేయించాలన్నది మోడల్‌ను బట్టి ఉంటుంది. మన దేశంలో 2015 నుంచి అమ్ముతున్న 800 సీసీ స్క్రాంబ్లర్‌కు 12,000 కిలోమీటర్లకోసారి. దాని ఇంజను సరళమైనది, సిలిండరుకు రెండే వాల్వులు కాబట్టి పని తక్కువ. 2010లో వచ్చిన మల్టీస్ట్రాడా 1200కు 24,000. 2020లో ప్రకటించిన మల్టీస్ట్రాడా వీ4 ఇంజనుకు ఏకంగా 60,000. ఈ చివరిది సాధ్యమైంది ఎలాగంటే, డుకాటి అందులో తన ఇంటిపేరునే వదులుకుని మామూలు స్ప్రింగులు పెట్టింది. నిర్వహణ ఖర్చు గురించి యజమానులు దశాబ్దాలుగా చెబుతున్న ఫిర్యాదులో నిజముందని కంపెనీ ఒప్పుకున్నట్టే కదా.

సెకండ్‌హ్యాండ్ కొనేవారికి ఈ పట్టిక తెలియటం ఎందుకంటే, అమ్మేవారికి అది బాగా తెలుసు. 24,000 దగ్గర పెద్ద సర్వీసు ఉన్న బండి 23,000 దగ్గర అమ్మకానికి వచ్చిందంటే ఆ బిల్లు ఎవరి నెత్తిన పడుతుందో వేరే చెప్పక్కర్లేదు. చేయించిన బిల్లు చూపిస్తే ఒక ధర, లేకపోతే ఆ మేరకు తగ్గించిన ధర. బేరం ఆడాల్సింది అక్కడ.

సగం ధర లెక్క

సెకండ్‌హ్యాండ్ పెద్ద బళ్లకు గిరాకీ పెరగటానికి పన్నులు కూడా కొంత కారణం. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాటిన మోటార్‌సైకిళ్ల మీద జీఎస్టీ 40 శాతానికి చేరింది. అంతకుముందు సెస్సుతో కలిపి 31 శాతం ఉండేది. అదే రోజున 350 సీసీ లోపు బళ్లకు 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఆ ఏడాది ఫిబ్రవరి బడ్జెట్‌లో 1,600 సీసీ లోపు దిగుమతి బళ్ల మీద కస్టమ్స్ సుంకాన్ని 50 నుంచి 40 శాతానికి తగ్గించినా ఆ ఊరట ఎక్కువ కాలం నిలవలేదు. కొత్తది అందనంత దూరంలో ఉన్నప్పుడు పాతదాని వైపు చూపు మళ్లటం సహజం.

అయితే పాత బండి కొనేవారు సాధారణంగా చేసే తప్పు ఖర్చును తాము పెట్టిన ధరతో పోల్చుకోవటం. బండి విలువ ఏటా పడిపోతుంది. విడిభాగం విలువ పడిపోదు, ఏటా పెరుగుతుంది. పన్నెండు లక్షల బండిని ఐదు లక్షలకు కొన్న వ్యక్తికి క్లచ్ ప్లేట్లు, బ్రేక్ డిస్కులు ఐదు లక్షల బండి ధరకు రావు. పన్నెండు లక్షల బండి ధరకే వస్తాయి. వెనక చక్రానికి 180 సైజు టైరు వేసే బండికి మంచి కంపెనీ టైర్ల జతకే పాతిక, ముప్పై వేలు అవుతాయి. వెనక టైరు పది వేల కిలోమీటర్లు రావటం గగనం. గొలుసు, స్ప్రాకెట్లు, బీమా, ఏడాదికోసారి ఆయిల్ సర్వీసు కలిపితే బండిని కదిలించకపోయినా ఏటా ఒక చిన్న స్కూటరు కొన్నంత పని. కొనుగోలుకు కేటాయించిన సొమ్ములో ఐదో వంతయినా మొదటి ఏడాది మరమ్మతుల కోసం పక్కన పెట్టుకోలేని వారికి అసలు ఆ బండి వాళ్ల స్థాయిది కాదనే చెప్పాలి.

మరి ఇటాలియన్ బళ్లు నిజంగానే ఎక్కువ పాడవుతాయా? అమెరికా వినియోగదారుల పత్రిక కన్స్యూమర్ రిపోర్ట్స్ 2015లో వేల మంది యజమానుల అనుభవాలతో లెక్క తీసింది. నాలుగేళ్ల వయసున్న బండి చెడిపోయే అవకాశం యమహాకు 11 శాతం, హోండాకు, సుజుకీకి 12 శాతం, డుకాటికి 33 శాతం. జపాన్ బండితో పోలిస్తే మూడు రెట్లన్నమాట. ఈ అంకె చూపించి నవ్వేవారు దాని కింది వరుస చూడరు. జర్మనీ క్రమశిక్షణకు మారుపేరుగా చెప్పుకునే బీఎండబ్ల్యూది 40 శాతం. చెడే ప్రమాదం యూరప్ ఖరీదైన బళ్లన్నిటికీ ఎక్కువే. ఇటలీకి ప్రత్యేకంగా అంటిన చెడ్డపేరులో కొంత పాత కాలపు వైరింగు పుణ్యం, కొంత ఊరికే నోళ్లలో నానిన మాట.

పైగా మోటో గుజ్జీ ఉంది. అదీ ఇటలీదే, 1921లో లేక్ కోమో ఒడ్డున మాండెల్లో డెల్ లారియోలో పుట్టింది. బండికి అడ్డంగా రెండు వైపులా బయటికి పొడుచుకొచ్చిన సిలిండర్లు దాని గుర్తు. ఆ ఆకారం వల్ల ఇంజను తలలు చేతికందేటట్టు ఉంటాయి. వాల్వు సందు సరిచెయ్యటానికి ఒక స్పానరు, ఒక స్క్రూడ్రైవరు, ఫీలర్ గేజీ చాలు. పాత అంబాసిడర్ ట్యాపెట్లు సరిచేసిన మెకానిక్ ఎవరైనా అరగంటలో పట్టుకుంటాడు. గొలుసు లేదు, వెనక చక్రానికి షాఫ్టే. అలాగని దానికీ రోగాలు లేకపోలేదు. 2007 తర్వాతి 1200 ఎనిమిది వాల్వుల ఇంజన్లలో ట్యాపెట్లు అరిగిపోయి కంపెనీ రోలర్ ట్యాపెట్ల కిట్లు ఇవ్వాల్సి వచ్చింది. మన దేశంలో ఈ బళ్లు బహు అరుదు కావటం వేరే సమస్య. బండి సులువైనదే, కానీ దాని కేబులు తెగితే బజార్లో దొరకదు.

వెనక నిలబడేదెవరు

అసలు కథ ఇక్కడే ఉంది. బండి నమ్మకమైనదా కాదా అన్నది ఇంజను కంటే ఎక్కువగా విడిభాగం ఎన్ని రోజుల్లో వస్తుందన్న దాన్ని బట్టి తేలుతుంది. మధ్యతరగతి భారతీయులు మూడు దశాబ్దాలు నడిపింది ఇటలీ బండినే. 1960ల్లో బజాజ్ ఆటో వెస్పాను పియాజియో లైసెన్సుతో తయారుచేసింది. 1971లో లైసెన్సు గడువు ముగిశాక అదే రూపంలో చేతక్ వచ్చింది. మిలాన్‌లోని ఇన్నొసెంటీ లాంబ్రెట్టా యంత్రాలను 1972లో కొన్న ప్రభుత్వ సంస్థ స్కూటర్స్ ఇండియా లక్నోలో విజయ్ సూపర్ చేసింది. పొద్దున్నే ఒకపక్కకు వంచి లేపితే గానీ స్టార్ట్ కాని ఆ స్కూటర్లను ఎవరూ నమ్మలేని బళ్లని అనలేదు. ప్లగ్గు, కేబులు, క్లచ్ ప్లేటు ప్రతి ఊళ్లో దొరికేవి. ప్రతి సందు చివర దాన్ని విప్పి బిగించగలిగే మేస్త్రీ ఉండేవాడు. అది చెడిపోని బండేమీ కాదు, చెడినా సాయంత్రానికి బాగుపడే బండి.

దీనికి పూర్తి విరుద్ధమైన అనుభవం బెనెల్లి యజమానులది. పెసారో పట్టణంలో 1911లో తెరెసా బెనెల్లి అనే వితంతువు తన ఆరుగురు కొడుకుల ఉపాధి కోసం పెట్టిన వర్క్‌షాపు ఇది. 2005లో చైనా కంపెనీ చియాన్‌జియాంగ్ చేతికి వెళ్లింది. పుణెకు చెందిన డీఎస్‌కే గ్రూపు 2015లో ఈ బళ్లను భారత్‌కు తెచ్చింది. నాలుగు సిలిండర్ల టీఎన్‌టీ 600ఐ ధర 5.15 లక్షలు, రెండు సిలిండర్ల టీఎన్‌టీ 300 ధర 2.83 లక్షలు. ఆ ధరకు ఆ చప్పుడు మరెక్కడా లేదు కాబట్టి కుర్రకారు ఎగబడ్డారు. టీఎన్‌టీ అంటే 'టోర్నడో నేకెడ్ ట్రే'. ట్రే అంటే ఇటాలియన్‌లో మూడు. నాలుగు సిలిండర్ల బండికీ, రెండు సిలిండర్ల బండికీ అదే పేరు పెట్టారంటే 'ఇటాలియన్' అన్న ముద్రకు మార్కెట్లో ఉన్న విలువ అర్థం చేసుకోవచ్చు. మూడు సిలిండర్లున్న అసలు పెసారో ఇంజను ఖరీదైన టీఎన్‌టీ 899, టీఎన్‌టీ ఆర్‌లలో ఉండేది.

2018 ఫిబ్రవరిలో డిపాజిటర్ల కేసులో గ్రూపు అధినేత అరెస్టయ్యారు. గ్రూపు కుప్పకూలటంతో మోటార్‌సైకిల్ వ్యాపారమూ దాంతోపాటే మునిగింది. షోరూములు మూతబడ్డాయి. బళ్లలో ఏ లోపమూ లేదు. క్లచ్ కేబులో, ఫిల్టరో దొరక్క నిలిచిపోయిన బండి యజమానికి ఆ తేడాతో పనేముంది? అదే ఏడాది ఆగస్టులో హైదరాబాద్‌కు చెందిన మహావీర్ గ్రూపు తన ఆదీశ్వర్ ఆటో రైడ్ ఇండియా ద్వారా బెనెల్లిని అందుకుంది. పోచంపల్లి దగ్గర కూర్పు కేంద్రం పెట్టి 2019లో టీఆర్‌కే 502, ఇంపీరియాలే 400 విడుదల చేసింది. హైదరాబాద్ కంపెనీ పెసారో పేరున్న బళ్లు బిగించే రోజు వస్తుందని ఎవరు అనుకుని ఉంటారు? ఇప్పుడు పాత టీఎన్‌టీ 300 కొనేవారు అడగాల్సిన మొదటి ప్రశ్న తిరిగిన కిలోమీటర్లు కాదు. 2018లో ఆ బండి ఎన్ని నెలలు నిలిచిపోయింది, ఆ కాలంలో ఏ మెకానిక్ ఏ భాగాన్ని దేనితో సర్దాడు అన్నదే.

బెనెల్లి యజమానులు అదృష్టవంతులు. ఎమ్‌వీ అగుస్టా కొన్నవారికి ఆ మాత్రం కూడా దక్కలేదు. రేసుల్లో జకొమో అగొస్తీని గెలుపులతో కీర్తి తెచ్చుకున్న ఈ కంపెనీని 2008లో హార్లీ డేవిడ్సన్ కొని 2010లో వదిలించుకుంది. 2014లో మెర్సిడెస్ ఏఎమ్‌జీ నాలుగో వంతు వాటా తీసుకుంది. తర్వాత సర్దారోవ్ కుటుంబం, 2022 నుంచి కేటీఎమ్, ఆ కంపెనీ దివాలా అంచుకు చేరటంతో 2025లో మళ్లీ సర్దారోవ్‌లు. మన దేశంలో 2016లో కైనెటిక్ గ్రూపు మోటోరాయల్ పేరుతో అమ్మకాలు మొదలుపెట్టింది. 2018లో దానికి ఎస్‌డబ్ల్యూఎమ్, ఎఫ్‌బీ మోండియల్ వంటి మరికొన్ని పేర్లు కూడా చేర్చింది. కొన్నేళ్లలోనే ఆ దుకాణం కట్టేసింది. ప్రపంచంలోకెల్లా అందమైన బళ్లలో ఒకటని చెప్పుకునే బ్రుటాలే సగం ధర కంటే తక్కువకే ఎందుకు దొరుకుతుందో ఇక వివరించక్కర్లేదు. ఒక సెన్సరు కోసం విదేశాల్లో ఉన్న బంధువుల సూట్‌కేసు మీద ఆధారపడగలిగే వారికి మాత్రమే అది చవక.

ఈ లెక్కన డుకాటి నయమే. 2012 నుంచి అది ఫోక్స్‌వాగన్ గ్రూపులో భాగం. 2008లో దిగుమతిదారు ద్వారా వచ్చి, ఆ ఏర్పాటు చెడిపోయాక 2015లో సొంత కంపెనీతో తిరిగొచ్చింది. అధికారిక వర్క్‌షాపులు పెద్ద నగరాలకే పరిమితం. ఒంగోలులోనో, ఖమ్మంలోనో ఉండే యజమాని సర్వీసుకు బండిని ట్రక్కెక్కించే ఖర్చు కూడా లెక్కలో కలుపుకోవాలి. ఊళ్లో మెకానిక్ ఎంత చెయ్యి తిరిగినవాడైనా కంపెనీ కంప్యూటరు పరికరం లేకుండా కొన్ని తప్పులు కనిపెట్టలేడు, సర్వీసు గుర్తు చేసే దీపాన్ని ఆర్పలేడు.

ట్యాంకులో మరో తిరకాసు

గత రెండు మూడేళ్లలో పాత ఇటాలియన్ బళ్లకు కొత్త బెడద వచ్చిపడింది. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని దేశం 2025లో చేరుకుంది. 2000ల్లో డుకాటి చాలా మోడళ్లకు ప్లాస్టిక్ ట్యాంకులు పెట్టింది. ఆ ప్లాస్టిక్ ఇథనాల్‌ను, దాంతోపాటు తేమనూ పీల్చుకుని ఉబ్బుతుంది. ట్యాంకు ముందుకు సాగి హ్యాండిల్‌కు తగలటం, బిగింపు బోల్టులు కుదరకపోవటం దాని లక్షణాలు. పది శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలుకే అమెరికాలో ఈ సమస్య వచ్చి యజమానులు కోర్టుకెక్కారు. ఇక్కడ ఇప్పుడు అందుకు రెట్టింపు. ఆ కాలపు మాన్‌స్టర్ కొనేవారు ట్యాంకు పైకెత్తి మళ్లీ సరిగ్గా కూర్చుంటుందో లేదో చూడకుండా డబ్బు ఇవ్వకూడదు. నెలల తరబడి కదలని బండి ట్యాంకులో నిలిచిన ఇథనాల్ నీటిని లాగుతుంది. తక్కువ తిరిగిన బండి గురించి ముందు చెప్పుకున్న అనుమానానికి ఇది మరో కారణం.

ఎండాకాలం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. డుకాటి రెండు సిలిండర్లలో వెనకది సరిగ్గా సీటు కింద ఉంటుంది. మే నెలలో విజయవాడ బెంజి సర్కిల్ సిగ్నల్ దగ్గర రెండు నిమిషాలు ఆగితే ఆ విషయం తొడలకు తెలుస్తుంది. ఆ వేడికి ముందుగా బలయ్యేది బ్యాటరీకి కరెంటు పంపే రెగ్యులేటరు. బండి చూసేటప్పుడు ఒక మల్టీమీటరు జేబులో పెట్టుకెళితే చాలు. ఇంజను కాస్త వేగంగా తిరుగుతున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య చూపించాలి. అంతకు బాగా తక్కువైనా, ఎక్కువైనా ఆ ఖర్చు మీదే.

కాగితాల విషయంలో మరింత నిక్కచ్చిగా ఉండాలి. విడిభాగాలని చూపించి తెచ్చిన పెద్ద బళ్లను బిగించి దొంగ రిజిస్ట్రేషన్లతో అమ్మిన ముఠాలను రెవెన్యూ ఇంటెలిజెన్స్ అధికారులు పలుమార్లు పట్టుకున్నారు. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు బండి మెడ మీద చెక్కిన దానితో కలవాలి. ఆ నంబరు మొదటి అక్షరం జడ్ అయితే ఇటలీలో తయారైంది, ఎల్ అయితే చైనా. ఎమ్ అయితే ఇండియా గానీ థాయ్‌లాండ్ గానీ. థాయ్‌లాండ్ అని చూసి మోసమనుకోనక్కర్లేదు. స్క్రాంబ్లర్ లాంటివి మనకు అక్కడి డుకాటి ఫ్యాక్టరీ నుంచే వచ్చాయి. వేరే రాష్ట్రం బండి అయితే నిరభ్యంతర పత్రం, ఇక్కడ మళ్లీ కట్టాల్సిన జీవితకాల పన్ను కలిపాకే ధర తేలుతుంది. ఢిల్లీ బండి లక్ష తక్కువకు వచ్చిందని మురిసిపోయి ఆ లక్షా ఆర్‌టీఓ కార్యాలయంలో కట్టొచ్చినవారు ఉన్నారు.

పియాజియో బారామతి ఫ్యాక్టరీలో తయారయ్యే అప్రిలియా ఆర్‌ఎస్ 457 ఈ చిత్రాన్ని కొంత మార్చొచ్చు. 2023 డిసెంబర్‌లో 4.10 లక్షలకు విడుదలైన ఈ బండి ఇటలీలో రూపుదిద్దుకుని ఇక్కడే తయారవుతోంది. చేతక్ కాలం నాటి సూత్రమే. వాటిలో మొదటివి ఇప్పుడిప్పుడే రెండో యజమానుల చేతికి వెళుతున్నాయి. భాగాలు ఎంత తొందరగా దొరుకుతాయన్నది వాళ్ల అనుభవమే చెప్పాలి.

ఇక బండి చూడటానికి వెళ్లేవారు ముందురోజే అమ్మేవారికి ఒక మాట చెప్పాలి. తాము వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని. చల్లటి ఇంజను దాచలేనివి చాలా ఉంటాయి. బలహీనమైన బ్యాటరీ, మొదటి అర నిమిషంలో వచ్చే పొగ, ఆయిల్ పైకెక్కేదాకా వినిపించే టకటక. వెళ్లగానే హెల్మెట్ పక్కన పెట్టి, మాటల్లోకి దిగకముందే, ఇంజను మీద అరచెయ్యి ఆనించి చూడాలి. వెచ్చగా తగిలితే, ఎందుకు వేడెక్కించాల్సి వచ్చిందో అడగాలి.